బూజు పట్టని మొక్క

ముప్పై ఏళ్ళపాటు ఒక అబద్ధాన్ని దాచుకోవడం మహా కష్టమనుకుంటారు గానీ, ఎవరూ అడక్కపోతే అంత తేలికైన పని ఇంకోటి లేదు. అందులోనూ నష్టపోయిన మనిషే మనల్ని నెత్తిన పెట్టుకుంటే ఇక చెప్పేదేముంది! నత్త విషయంలో అదే జరిగింది.

నత్త అంటే ఇప్పుడు బడిలో జీవశాస్త్రం చెప్పే టీచరమ్మ. బోటనీ క్లాసులో ఒకరికొకరు మొక్కల పేర్లు పెట్టుకుంటే చదువుకీ సరదాకీ తేడా తెలియకుండా పోతుందని, కాలేజీలో వాళ్ళ బ్యాచ్ వాళ్ళు పట్టుబట్టి జంతువుల పేర్లు పెట్టుకున్నారు. బస్సుకైనా భోజనానికైనా ఆఖర్న వచ్చేది కనక ఈవిడ నత్త. ఒక్కచోట కాలు నిలవని ఆవిడ రూమ్మేటు తూనీగ.

అందరూ మళ్ళీ కాలేజీలో కలుద్దామనుకున్నప్పుడు, ఎవరెవర్ని పిలవాలో రాసే పని నత్త మీద పడింది. జాబితాలో మొట్టమొదట తూనీగ పేరు రాసింది. "తను మనతో పాసవలేదుగా, తర్వాతి బ్యాచ్ కదా?" అని ఎవరో అన్నారు. నత్త వినిపించుకోలేదు. ఆ రోజు చెప్పాల్సింది చెప్పేసి తీరతానని అప్పటికే ఒట్టు పెట్టుకుంది.

తీరా ఆ రోజు రానే వచ్చింది. ల్యాబు బయట పొడుగు బెంచీ మీద పదిమంది ఇరుక్కుని కూర్చున్నారు. ఒకప్పుడు అదే బెంచీ మీద పదిహేనుమంది పట్టేవారు. మధ్యలో తూనీగ, ఎండకి కమిలిన మొహంతో, గోళ్ళ సందుల్లో మట్టితో. ఆవిడకి ఊరి చివర పెద్ద నర్సరీ ఉంది.

"మా నర్సరీలో ఇరవైమంది పనివాళ్ళు. కొత్తగా ఎవరొచ్చినా మొదటిరోజు నా బూజు కథ వినాల్సిందే," అంటోంది తూనీగ. "ఒక్క మొక్కని సరిగ్గా ఎండబెట్టుకోలేక ఏడాది పోగొట్టుకున్నదాన్ని, మీరు నాలా అఘోరించకండి అని చెప్తా. ఆ ఏడాదంతా మా నాన్న నాతో మాట్లాడలేదు. ఒక ఆకుని కాపాడుకోలేనిదానివి ఇంకేం చేస్తావు అన్నారు. ఇదిగో, ఈ నత్త ఒక్కతే వారం వారం ఉత్తరం రాసింది. ఇది లేకపోతే ఏమైపోయేదాన్నో!"

అందరూ నవ్వారు. నత్త కూడా నవ్వబోయింది గానీ నోరు సహకరించలేదు.

అసలు సంగతి ఇది. ఆఖరి ఏడాది అందర్నీ కొండకి తీసుకెళ్ళారు. తలా ఒక మొక్క సేకరించాలి. దాన్ని పాత పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి, రోజూ పేపర్లు మారుస్తూ ఎండబెట్టాలి. తర్వాత అట్ట మీద అతికించి, కింద సేకరించినవారి పేరు రాసిన చీటీ అంటించి ఇవ్వాలి. అది ఇవ్వకపోతే ప్రాక్టికల్ పోయినట్టే. తూనీగ వాగు గట్టు మీంచి ప్రమాదంగా కిందికి వంగి, నీలం పూల మొక్కొకటి వేళ్ళతో సహా లాగింది. పడిపోకుండా వెనకనుంచి నడుం పట్టుకున్నది నత్తే. నాలుగురోజులకి తూనీగకి కామెర్లు వచ్చాయి. వాళ్ళన్నయ్య వచ్చి ఇంటికి తీసుకెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, "నా మొక్క పేపర్లు మార్చవే, నా పేరు రాసి ఇచ్చెయ్యవే," అని మరీ మరీ చెప్పింది.

నత్త మాట తప్పలేదు. తూనీగ మొక్కకి రోజూ పేపర్లు మార్చింది. తన మొక్క దగ్గరికొచ్చేసరికి మాత్రం, 'నాదేగా, రేపు మార్చుకుందాంలే' అనుకుంది. రేపు ఇవ్వాలనగా విప్పి చూస్తే తనది నల్లగా బూజు పట్టి ఉంది. పక్కనే తూనీగది, పువ్వు రంగు కూడా పోకుండా, చక్కగా ఎండి ఉంది. నత్త చాలాసేపు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ఆ చక్కని మొక్క కింద తన పేరు రాసేసింది.

నెల తర్వాత తూనీగ ఇంకా పసుపుపచ్చని కళ్ళతోనే వచ్చి రాత పరీక్షలన్నీ రాసింది. "నా మొక్కేదే?" అంటే, "బూజు పట్టిందే," అంది నత్త. ఆ రెండు ముక్కలతో తూనీగకి ఏడాది పోయింది.

భోజనాలయ్యాయి. మూడింటికి మెట్ల మీద గ్రూప్ ఫోటో అన్నారు. నత్త తూనీగ చెయ్యి పట్టుకుని, "నాతో పైకొకసారి రావే," అంది.

"నువ్వు మెట్లెక్కేసరికి సాయంత్రం అవుతుంది," అంటూనే తూనీగ కదిలింది.

రెండో అంతస్తులో, ఏటా విద్యార్థులిచ్చిన ఎండు మొక్కల్ని దాచే గది. ఇనప బీరువాలు, కలరా ఉండల వాసన. గది చూసుకునే పెద్దాయన నత్త ముందే ఫోన్‌లో చెప్పిన అట్ట నంబరు వెతికి, ఒక అట్ట తెచ్చి బల్ల మీద పెట్టి, కిటికీ దగ్గరికెళ్ళి నిలబడ్డారు.

తూనీగ వంగి చూసింది. పేరు చదవలేదు, మొక్కనే చూసింది. "ఈ వేరు... నేను లాగినప్పుడు ఇక్కడే చీలింది," అంది మెల్లగా. అప్పుడు పేరు చదివింది.

"నీది బూజు పట్టలేదే," అంది నత్త. "పట్టింది నాది. నీదాని మీద నా పేరు రాసుకున్నాను. ఎన్నిసార్లు చెప్దామనుకున్నానో! ప్రతి ఉత్తరంలోనూ మొదలుపెట్టి, చింపేసి, ఎలా ఉన్నావని రాసేదాన్ని."

తూనీగ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎప్పుడూ ఏదో ఒకటి సవరిస్తూ ఉండే ఆ చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి. తిట్టినా బావుండుననిపించింది నత్తకి.

"నాన్న పోయి ఆరేళ్ళయింది," అంది చివరికి తూనీగ. "ఆయనుండగా చెప్పి ఉంటే బావుండేదే."

నత్త పెద్దాయన వైపు తిరిగి, "నా పేరున్న ఈ చీటీ చింపేసి కొత్తది పెడతానండీ, తన పేరుతో," అంది.

"చింపకూడదమ్మా," అన్నారాయన. "ఇక్కడ తప్పు రాసినది తీసెయ్యం. సరైనది ఇంకో చీటీ మీద రాసి, దాని కిందే అతికిస్తాం. ఎవరు దిద్దారో, ఎప్పుడు దిద్దారో కూడా రాయాలి. రెండూ ఉంటాయి."

అంటే తన దొంగతనం కూడా ఆ బీరువాలో అలాగే ఉండిపోతుంది. నత్త సిగ్గుతో చచ్చిపోయింది. అయినా పెద్దాయన ఇచ్చిన చీటీ తీసుకుని, సేకరించినవారు అన్నచోట తూనీగ అసలు పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది. దిద్దినవారు అన్నచోట తన పేరు, ఆనాటి తేదీ.

జిగురు రాసి అతికించబోతుంటే కిందనుంచి కేకలు వినపడ్డాయి. "నత్తా! ఎక్కడ చచ్చావే? ఫోటోకి టైమైంది!"

"వెళ్ళు," అంది తూనీగ. "నేనెలాగూ అప్పటి మీ బ్యాచ్ ఫోటోలోనూ లేనుగా."

నత్త కదల్లేదు. చీటీ పెట్టి, బొటనవేలితో అదిమి పట్టుకుంది. కింద ఎవరో లెక్క పెట్టి, ఒకరు తగ్గారన్నారు. ఇంకెవరో, ఇద్దరు అన్నారు. కాసేపు పిలిచి పిలిచి ఊరుకున్నారు. ఫోటో తీసేసినట్టున్నారు, చప్పట్లు వినపడ్డాయి.

నత్త కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి తియ్యబోయింది. తూనీగ ఆ చెయ్యి మీద తన చెయ్యి వేసి గట్టిగా నొక్కింది.

"తడి ఆరేదాకా తియ్యకు," అంది. "బూజు పడుతుంది."