తినని మూడు రోజులు

పొద్దున లేస్తూనే ఆమె చేసే మొదటి పని లద్దె పురుగుల డబ్బాలు శుభ్రం చెయ్యడం. వెనక వరండాలో రెండువందల డబ్బాలు, డబ్బాకొక పురుగు. కలిపి ఉంచితే ఒకదాన్నొకటి కొరుక్కు తింటాయి. ఒక్కోదానికి కాబేజీ ఆకు ముక్క వేసి, నిన్నటిది ఎంత తిన్నదో చూసి నోటుపుస్తకంలో రాయాలి. కాలేజీలో కీటకశాస్త్రం చెప్పే భర్త దాన్ని చూసి తన పుస్తకం రాసుకుంటాడు. "మా కోడలికేం పని, పురుగులకి పురుళ్లు పోస్తుంటుంది" అని అత్తగారు వచ్చినవాళ్లనల్లా నవ్విస్తుంది.

నాలుగేళ్లలో ఆమె అడిగింది ఒక్కటే, పుస్తకం మీద తన పేరు కూడా వెయ్యమని. చూద్దాంలే అన్నాడతను. ఆ ఒక్క మాట పట్టుకుని, రెక్కలొచ్చిన బూడిదరంగు ఆడపురుగు తన పొట్ట మీది నూగు ఊడదీసి గుడ్లకు కప్పే తీరు నుంచి, లద్దె పురుగు మట్టిలో దూరి కదలని ప్యూపాగా మారేదాకా అన్నీ గంటలతో సహా రాసింది.

ఆదివారం మధ్యాహ్నం పుస్తకం అచ్చయి వచ్చింది. అట్ట మీద అతని పేరొక్కటే. "ముందుమాటలో ఇంటివారి ఓర్పుకి కృతజ్ఞతలని రాశాగా. మొగుడూ పెళ్లాల పేర్లు పక్కపక్కన వేస్తే శుభలేఖ అనుకుంటారు" అన్నాడు. అత్తగారు పకపకా నవ్వింది. తర్వాత, అచ్చుకి ముందు చదివినవాళ్లంతా మెచ్చుకున్నారంటూ ఒక వాక్యం చదివి వినిపించాడు. ప్యూపా కాబోయే ముందు ఈ పురుగులు మూడు రోజులు తమంతట తామే ఉపవాసం ఉంటాయట.

ఆ మూడు రోజులు ఆమెకు తెలుసు. నాలుగో నెలలో కడుపు పోయి, ఆస్పత్రి నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్న రోజులు. అతను ఊళ్లో లేడు, ఏదో సదస్సుకి వెళ్లాడు. అత్తగారు వేళకి మంచం దగ్గరికే అన్నం తెచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. వరండాలోకి మాత్రం ఎవరూ తొంగిచూడలేదు. నాలుగోరోజు గోడ పట్టుకుని వెళ్లేసరికి ముప్ఫై చచ్చిపోయి ఉన్నాయి, మిగిలినవి ముడుచుకుపోయాయి. రెండు ఆకులు వెయ్యలేకపోయావా అంటాడని భయపడి, మూడు తేదీల ఎదురుగా తినలేదు, తినలేదు, తినలేదు అని రాసేసింది. బతికినవి ఆ వారంలోనే మట్టిలో దూరాయి.

"అవి ఉపవాసం ఉండలేదు" అంది. "వాటికి ఎవరూ పెట్టలేదు."

అతను పుస్తకంలోంచి తలెత్తాడు.

"ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదు."

"అనకు."

ఎందుకు పెట్టలేదని అడుగుతాడేమోనని ఆమె గుమ్మం పట్టుకుని కాసేపు నిలబడింది. అతను పేజీ తిప్పాడు.