కృపమ్మ క్యారేజీ

కాలేషా సినిమా హాలు బాల్కనీలో ఎనిమిదో బల్ల విప్పి గోడకు చేర్చాడు. ఇంకా నాలుగున్నాయి. మ్యాట్నీకి గంట టైముంది.

తుపానుకు లేచిపోయిన రేకులు మార్పించినప్పుడు హాలు యజమాని గోవర్ధనరావు ఈ బల్లలు వేయించాడు. సీట్లో కూర్చుంటే కట్లెట్, కాఫీ అక్కడికే వస్తాయి. రెండు నెలలు గుడివాడ నుంచి కూడా కార్లలో బందరు వచ్చారు. తర్వాత పళ్లేల చప్పుడుకు మాటలు వినబడటం లేదని నేల టిక్కెట్టువాళ్లు గోల చేశారు. కార్లవాళ్లకు మోజు తీరింది. నిన్న యజమాని అన్నాడు: "బల్లలు తీసెయ్. క్యారేజీలు రానియ్."

క్యారేజీలు ఆపింది కాలేషానే. పల్లెల ఆడవాళ్లు అన్నం తెచ్చుకుని ఇంటర్వెల్‌లో హాల్లోనే తినేవారు. బల్లలు పడ్డాక బయటి తిండి లోపలికి రాకూడదన్నారు. గేటు దగ్గర క్యారేజీలు తీసుకుని మెట్ల కింద గదిలో పెట్టి తాళం వేయడం, ఇంటర్వెల్‌లో బయట తినడానికి తిరిగివ్వడం అతని పని.

ఘంటసాల ఊరి నుంచి కృపమ్మ శనివారం శనివారం వచ్చేది. క్యారేజీ మూతలో అన్నం, చేపల పులుసు పెట్టి ముందు అతనికిచ్చేది. బల్లలు పడ్డాక మొదటి శనివారం గేటు దగ్గర క్యారేజీ అందిస్తూ నవ్వింది.

"నా కూడు తాకట్టు పెట్టుకుంటున్నావా తమ్ముడూ? ఇంటర్వెల్‌కి ఇచ్చెయ్యాలి. పొద్దుటి నుంచీ ఏం తినలా."

ఇంటర్వెల్‌లో బాల్కనీ నిండా ఆర్డర్లు. పళ్లేలు అందించేదీ అతనే. తాళంచెవి అతని జేబులో ఉంది. మెట్ల మలుపు నుంచి చూశాడు. కృపమ్మ గది తలుపు ముందు నిలబడి ఉంది. ఈ ఒక్క పళ్లెం ఇచ్చి దిగుదామనుకున్నాడు. ఇంకో పళ్లెం వచ్చింది. బెల్లు మోగింది. దిగేసరికి ఆమె లేదు. ఆట వదిలాక కూడా రాలేదు. పాడైపోతుందని సాయంత్రం ఆ అన్నం అతనే తిన్నాడు.

నాలుగు నెలలైంది, ఆమె మళ్లీ రాలేదు. ఇవాళ శనివారం. కాలేషా కృపమ్మ క్యారేజీ తోమి, గేటు దగ్గర స్టూలు మీద పెట్టుకుని నిలబడ్డాడు. "తప్పు నాదే అక్కా" అని లోపలే రెండుసార్లు అనుకున్నాడు.

"ఏం కాలేషా, హోటల్ పెట్టావా?" టిక్కెట్లిచ్చే మహబూబ్ కిటికీలోంచి అరిచాడు.

ఘంటసాల గుంపులో కృపమ్మ కూతురు రూతు కనబడింది.

"మీ అమ్మ రాలేదా?"

"నీకు తెలవదా మావయ్యా? అమ్మ పోయి నెలైంది. జ్వరం. వారం కూడా ఆగలా."

అతను గేటు పట్టుకున్నాడు.

"నన్నేమన్నా అందా? ఆ రోజు గురించి?"

"ఏమంటది? 'హాల్లో తమ్ముణ్ణి ఊపిరాడనియ్యట్లేదు, అన్నం తిన్నాడో లేదో' అంది."

అతను క్యారేజీ అందించాడు. రూతు విప్పి, గిన్నెలు సంచిలో వేసుకుంది. మూత స్టూలు మీదే ఉంచింది.

"అదీ తీసుకోమ్మా."

"అది నీ కంచమనేది అమ్మ."

ఇంటర్వెల్‌లో హాలంతా క్యారేజీలు తెరుచుకున్నాయి. గేటు దగ్గర స్టూలు మీద మూత వెల్లకిలా ఉంది, అంచున చుక్కలతో కొట్టించిన కృపమ్మ పేరుతో.