కట్ల పిన్ని

కత్తెర ఆమెకు అక్కర్లేదు. రెండు బొటనవేళ్ళూ టేపు మీద పక్కపక్కనే ఆనించి ఒక్క మెలి తిప్పితే జానెడు ముక్క చర్రుమని తెగి వచ్చేది. అలా చింపిన ముక్కల్ని బల్ల అంచున తోరణంలా వేలాడదీసుకుంటూ పోతోంది. మధ్యాహ్నం రెండున్నర అయింది. నాలుగింటికి ఫైనల్ మ్యాచ్. పన్నెండుమంది ఆటగాళ్ళలో తొమ్మిదిమంది చీలమండలకు కట్లు కట్టడం అయిపోయింది. ఇంకా ముగ్గురున్నారు.

ఆమె గది స్టేడియం మెట్ల కింద ఉంటుంది. ఒక ఎత్తైన రెక్సిన్ బల్ల, ఒక స్టూలు, మూలన చేతులు కడుక్కునే తొట్టి. పైన ఎవరో బంతి కొడుతున్నప్పుడల్లా సీలింగు నుంచి పిసరంత సున్నం రాలేది. ఆమె తలెత్తకుండానే అది ఎవరి బంతో చెప్పగలదు.

వయసు అరవై ఒకటి. పొట్టి మనిషి. బల్ల మీద కూర్చున్న ఆటగాడి మోకాలు ఆమె గడ్డం దాకా వస్తుంది. తెల్లకోటు చేతులు మోచేతుల పైకి మడిచి ఉంటాయి. గోళ్ళు చిగుళ్ళ దాకా కత్తిరించి ఉంటాయి. నొక్కీ నొక్కీ బొటనవేళ్ళు గరిటెల్లా వెడల్పయ్యాయి. ఆసుపత్రిలో పిండికట్లు వేసే గదిలో పద్దెనిమిదేళ్ళు, ఈ బాస్కెట్‌బాల్ జట్టు దగ్గర పందొమ్మిదేళ్ళు. జట్టులో అందరూ ఆమెను కట్ల పిన్ని అంటారు. పిల్లలెందరని ఎవరైనా అడిగితే, “పన్నెండుమంది. ఒక్కడూ నా పోలిక కాదు,” అనేది.

నిజానికి ఆమెకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది ఆమే, ఆమె భర్తే. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. చూపు మందగించాక వంటింటి బాధ్యత తీసుకున్నాడు.

మిగిలిన ముగ్గురిలో ఇద్దరి పని ముగిశాక, గుమ్మం దగ్గర తల వంచుకుని నిచ్చెన లోపలికి వచ్చాడు. ఆ పేరు ఆమె పెట్టిందే. ఊరంతా అతని ఆట కోసమే టిక్కెట్లు కొంటుంది. బస్సుల వెనక అతని బొమ్మే. ఆమెకు మాత్రం అతను ఎడమకాలు ముందుగా చాపే కుర్రాడు.

ఇవాళ కుడికాలు ముందుగా చాపాడు.

కుడి చీలమండకు కట్టు కడుతూ ఆమె ఆలోచించింది. ఈ నిచ్చెనకూ కోచ్‌కూ మధ్య మాటలు ఆగిపోయి మూడు వారాలైంది. ఒకరోజు ప్రాక్టీసులో అందరూ పరిగెడుతుంటే ఇతను నడిచాడు. “పొగరు దిగేదాకా బెంచీ మీద కూర్చో,” అన్నాడు కోచ్ అందరి ముందూ. ఇతను తువ్వాలు నేలకేసి కొట్టి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి ఇద్దరి కబుర్లూ ఈ గదిగుండానే నడుస్తున్నాయి. నిచ్చెన ఎదురుగా ఉండగానే కోచ్ గుమ్మంలో నిలబడి, “అక్కా, వాడితో చెప్పు,” అనేవాడు. నిచ్చెన గోడకేసి చూస్తూ, “పిన్నీ, ఆయనతో చెప్పు,” అనేవాడు. ఆ మాటల్లోంచి ముళ్ళు ఏరేసి, మిగిలింది ఆమె అందించేది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని జట్టులో కుర్రాళ్ళు నవ్వుకునేవారు. చిరిగేది ఒరేనని ఆమె అనుకునేది.

“ఆ కాలు ఇటివ్వు.”

ఎడమకాలు ఒళ్ళో పెట్టుకుని, చీలమండ నుంచి పైకి ఎముక వెంబడి బొటనవేలు నడిపించింది. నాలుగు వేళ్ళ ఎత్తున బఠాణీ గింజంత ఉబ్బు తగిలింది. కొంచెం నొక్కింది. నిచ్చెన చేతుల కింద రెక్సిన్ కిర్రుమంది.

“ఎన్నాళ్ళయింది?”

“ఏంటి పిన్నీ?”

“నాతో దాగుడుమూతలొద్దు. మొహాలు చూసి మోసపోతానేమో గానీ, కాళ్ళు పట్టుకుని మోసపోను.”

అతను సీలింగుకేసి చూశాడు. “మూడు వారాలు. పరిగెత్తితే కత్తి దింపినట్టుంటోంది. ఇవాళొక్కరోజే కదా పిన్నీ, గట్టిగా కట్టెయ్. ఎవరికీ చెప్పకు.”

సరిగ్గా ఈ మాటే, ఇదే బల్ల మీద కూర్చుని, పందొమ్మిదేళ్ళ కింద మరొకడు అన్నాడు. “ఎవరికీ చెప్పకక్కా.” అది ఆమె ఈ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు. వాడి మోకాలు లోపల వదులై ఉందని ఆమె వేళ్ళకు తెలిసింది. అయినా బిగించి కట్టింది. ఆటలో రెండో సగం మొదలైన కాసేపటికి ఎండుకొమ్మ విరిగిన చప్పుడు గోల మధ్యలో కూడా కోర్టు గుమ్మంలో నిలబడ్డ ఆమె దాకా వినిపించింది. వాడు మళ్ళీ ఆడలేదు. నాలుగేళ్ళ తర్వాత అదే జట్టుకు కోచ్‌గా వచ్చాడు.

ఆమె టేపు చుట్ట డ్రాయరులో పెట్టి మూసింది.

“కట్టను.”

“పిన్నీ.”

“లోపల ఎముక చీలిందిరా. ఇంకో గంతు వేస్తే రెండవుతుంది.”

“నువ్వు కట్టకపోతే నేనే కట్టుకుంటా.”

“కట్టుకో. నీ చేతులు బుట్టలో బంతి వెయ్యడానికే గానీ ఈ పనికి పనికిరావు.”

నిచ్చెన గొంతు తగ్గింది. “ఆయనేమంటాడో నీకు తెలుసు కదా. కావాలనే ఫైనల్ ఎగ్గొట్టాడంటాడు. పొగరంటాడు. కాలు పోయినా ఫర్లేదు పిన్నీ, ఆ మాట పడలేను.”

మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఒక అడుగు బరువుగా, ఒకటి తేలిగ్గా. కోచ్ గుమ్మంలో నిలబడ్డాడు.

“అక్కా, వాడితో చెప్పు. అందరూ పైకొచ్చేశారు. దొరగారికి పల్లకీ పంపించాలేమో కనుక్కో.”

“నేను చెప్పను,” అంది ఆమె. “నువ్వే లోపలికి రా. ఆ స్టూలు మీద కూర్చో.”

పందొమ్మిదేళ్ళలో ఆమె అతనికి ఏ పనీ పురమాయించలేదు. కోచ్ బిత్తరపోయి వచ్చి కూర్చున్నాడు. ఆమె అతని బొటనవేలు తన చేతిలోకి తీసుకుని, నిచ్చెన కాలిమీద ఆ చోట ఆనించింది. “ఇక్కడ నొక్కు. మెల్లగా.”

నొక్కాడు. ఈసారి నిచ్చెన ఆపుకోలేకపోయాడు. గొంతులోంచి చిన్న మూలుగు వచ్చింది.

కోచ్ వేలు తీశాడు గానీ చెయ్యి తియ్యలేదు. మూడు వారాల్లో మొదటిసారి తిన్నగా అతని మొహంలోకి చూశాడు.

“ఎన్నాళ్ళ నుంచి?”

“మూడు వారాల నుంచి, సార్.”

“అంటే ఆ రోజు నడిచింది...”

“ఆ రోజే మొదలైంది.”

“నాతో ఎందుకు చెప్పలేదు?”

“చెబితే నమ్మేవారా?”

కోచ్ అబద్ధం ఆడితే ఆడొచ్చు. ఆ అవకాశం అతని మొహంలోకి వచ్చి వెళ్ళిపోవడం ఆమె చూసింది.

“లేదు,” అన్నాడు కోచ్. “నమ్మేవాణ్ణి కాదు.”

ఆమె కోటుకు చేతులు తుడుచుకుంది. పందొమ్మిదేళ్ళుగా దాచుకున్న మాట అప్పుడు బయటికొచ్చింది. “నీ మోకాలి సంగతి ఆ రోజు నాకు తెలుసు. నువ్వు చెప్పొద్దన్నావు, నేను నోరు మూసుకున్నాను. నువ్వంటే కుర్రాడివి. నాకు నలభై దాటాయి, బుద్ధుండాల్సింది నాకు. అలాంటిది ఒక్కసారి చాలు.”

కోచ్ తన మోకాలిమీద చెయ్యి వేసుకున్నాడు.

“బతిమాలింది నేనే కదక్కా,” అన్నాడు.

తర్వాత లేచి, నిచ్చెనతో అన్నాడు: “షూ వేసుకోకు. జెర్సీ వేసుకుని నా పక్కన కూర్చో. అవతల వాళ్ళ ఏడో నంబరువాడు ఎటు తిరుగుతాడో నాకంటే నీకే బాగా తెలుసు. నువ్వు చెప్పు, నేను వింటాను.”

నిచ్చెన ఒంటికాలి మీద దిగాడు. కోచ్ భుజం ఇచ్చాడు. తటపటాయించి, నిచ్చెన దానిమీద చెయ్యి వేశాడు. ఒకరికి మోకాలు, ఒకరికి ముంగాలు. పద్నాలుగు మెట్లూ ఇద్దరూ కుంటుకుంటూ ఎక్కడం ఆమె కిందనుంచి చూసింది. వాళ్ళు పైకి చేరాక ఆమె లోపలికొచ్చి, వాడని టేపు ముక్కల్ని బల్ల అంచునుంచి ఒక్కొక్కటే ఊడదీసింది.

మ్యాచ్ మూడు పాయింట్ల తేడాతో పోయింది. ఆమె మెట్లెక్కి కోర్టు గుమ్మంలో నిలబడి, ఎప్పటిలాగే స్కోరు చూడకుండా కాళ్ళు చూసింది. బెంచీ మీద రెండు తలలు దగ్గరగా వంగి ఉన్నాయి. నిచ్చెన చేత్తో గాలిలో ఏదో గీస్తుంటే కోచ్ తలూపుతున్నాడు. ఆట అయ్యాక జట్టు సెక్రటరీ ఎర్రబడ్డ మొహంతో ఆమె గదికి వచ్చి, అతన్ని కూర్చోబెట్టడం ఎవరి నిర్ణయమని అడిగాడు. “నాది,” అన్నారు కోచ్, నిచ్చెన ఇద్దరూ ఒకేసారి. సెక్రటరీ ఎవరి మీద విరుచుకుపడాలో తెలియక ఆమెకేసి చూశాడు. “కట్టనన్నది నేను బాబూ,” అంది ఆమె చేతులు కడుక్కుంటూ.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తే వెంట్రుకంత చీలిక కనిపించింది. ఆరు వారాల పిండికట్టు అన్నాడు డాక్టరు. కట్టు గదిలో ఉద్యోగి నీళ్ళు సిద్ధం చేస్తుంటే, “పిన్నే వెయ్యాలి,” అన్నాడు నిచ్చెన. కావాలంటే ఆ బాధ్యత తనదేనని రాసిస్తానన్నాడు. ఉద్యోగికి అతని మొహం బాగానే తెలుసు. నవ్వి, పక్కకు తప్పుకున్నాడు.

ఆమె ముందు ఇంటికి ఫోన్ చేసింది. “కాస్త ఆలస్యమవుతుంది. మీరు తినేసెయ్యండి.” తర్వాత కోటు చేతులు పైకి మడిచి, పిండి అద్దిన బట్ట చుట్టను నీళ్ళలో ముంచి, బుడగలు ఆగేదాకా చూసి, మెల్లగా పిండింది. పందొమ్మిదేళ్ళ తర్వాత కూడా ఆమె చేతులు దేనికోసమూ వెతుక్కోలేదు. కోచ్ నిచ్చెన కాలు ఎత్తి పట్టుకున్నాడు. పిండి ఆరేదాకా పట్టుకునే ఉన్నాడు.

“చెయ్యి లాగుతోందా?” అంది ఆమె.

“లేదక్కా.”

“అబద్ధం.”

“అవునక్కా,” అన్నాడు. ముగ్గురూ నవ్వారు.

ఐదో వారంలో, ఒక సెలవురోజు, భోజనమయ్యాక ఆమె నడుం వాల్చింది. ఆయన టీ కలిపి తెచ్చేసరికి నిద్రపోతున్నట్టే ఉంది. లేపడం ఇష్టంలేక టీ మీద మూత పెట్టి పక్కనే కూర్చున్నాడు. ఆమె ఇక లేవదని టీ చల్లారాక గానీ ఆయనకు తెలియలేదు.

ఆరో వారం ముగిశాక నిచ్చెనను కోచ్ ఆసుపత్రికి తీసుకొచ్చాడు. ఉద్యోగి పిండికట్టును రెండు పక్కలా కోసి, పెట్టె మూతలా తెరిచాడు. లోపల కాలు పాలిపోయి, సన్నబడి, తిన్నగా ఉంది. ఉద్యోగి కట్టు తాలూకు ఆ రెండు చెక్కల్నీ వెలుతురులో తిప్పి చూశాడు. పచ్చి పిండి మీద ఎవరు పనిచేసినా ఎక్కడో ఒకచోట వేళ్ళు నొక్కుకుంటాయన్నాడు. అది లోపల చర్మాన్ని కొరుకుతుందట. ఇన్నేళ్ళలో ఒక్క నొక్కు కూడా లేని కట్టు తను చూడలేదన్నాడు. పారెయ్యనా అని అడిగాడు.

కిటికీ పక్క బల్ల మీద ఆ రెండు చెక్కలూ ఒకదాని పక్కన ఒకటి పడి ఉన్నాయి, తెల్లగా, గుడ్డుపెంకు లోపలి వైపంత నున్నగా, ఒక్క వేలిగుర్తయినా లేకుండా.