లచ్చవ్వ దగ్గరి నీడలు

సాయంత్రం ఐదున్నరకు యూనివర్సిటీ పరీక్షల విభాగంలో బీరువాకు తాళం వేసి, నాగమణి నేరుగా క్యాంపస్ వెనక క్వార్టర్స్‌కి నడుస్తుంది. అక్కడ రెండు గదుల ఇంట్లో లచ్చవ్వ ఉద్యోగస్తుల పిల్లల్ని చూసుకుంటుంది. నాగమణి కూతురు కావ్యకు ఐదేళ్లు. చెప్పులేసుకుని, సంచి తగిలించుకుని అది వచ్చేస్తుంది గానీ దాని నీడ రాదు. లచ్చవ్వ కుచ్చిళ్ల పక్కన నేలమీద అట్లే కూర్చుని ఉంటుంది.

“పోవే బిడ్డా, అమ్మ ఒచ్చింది గద,” అని లచ్చవ్వ నీడను బతిమాలుతుంది. అది కదలదు.

“ఉండనీలే అవ్వా. పొద్దున ఎట్లాగూ వస్తాం కదా,” అని నాగమణి నవ్వుతుంది. తార్నాకలో ఇల్లు చేరేదాకా ఆ నవ్వు ఆమె పళ్ల మధ్య నలుగుతూనే ఉంటుంది.

మిగతా పిల్లలు టిఫిన్ డబ్బానో, స్వెటరో మర్చిపోతారు. ఆఫీసులో పక్క సీటు కృపారాణి కొడుకు సంజీవ్ నీడైతే వాడికన్నా ముందే గేటు దాటుతుంది. అది చూస్తే నాగమణికి కడుపు మండేది. ఇంట్లో ఇంకో మంట. బెండకాయ వేపుడు పెడితే కావ్య కంచం జరిపేసి, “అవ్వ గిట్ల చెయ్యది,” అనేది. పొద్దుటూరులో పుట్టి పెరిగిన నాగమణికి, సొంత బిడ్డ నోట్లోంచి లచ్చవ్వే మాట్లాడుతున్నట్టుండేది.

చివరికి ఎవరికీ చెప్పకుండా హబ్సిగూడలో ఏసీ గదులున్న డే-కేర్‌లో సీటు తీసుకుంది. సోమవారం నుంచి రమ్మన్నారు. అంతకు ముందు ఒక్క ఆదివారం పిల్ల తనది కావాలనుకుంది. భర్త రాఘవేంద్రకు ఆ రోజు డ్యూటీ. హుస్సేన్‌సాగర్ ఒడ్డున పార్కుకి పోదామనగానే కావ్య అడిగింది: “అవ్వ గుడ వస్తదా?”

“అవ్వ ఊరికి పోయిందమ్మే,” అంది నాగమణి. అబద్ధం తడబడకుండా వచ్చింది.

పార్కులో పిల్ల ఏది చూపిస్తే అది ఎక్కించింది. బొమ్మ రైలు రెండుసార్లు, పడవ ఊయల ఒకసారి. పీచు మిఠాయి కొనిచ్చింది, మొక్కజొన్న పొత్తు ఒలిచి గింజలు చేతిలో పోసింది. పక్కనున్న ఒకామె, “పాప నీడ తేలేదా?” అని మామూలుగా అడిగింది. “ఇంటికాడ ఉంది,” అని నాగమణి వేరే బెంచీకి మారింది.

ఎండ వాలేవేళ జెయింట్ వీల్ ఎక్కారు. పైకి పోయాక నాగమణి కిందికి చూసింది. నేలంతా పొడుగాటి నీడలు. వాటి మధ్య రెండు జడల చిన్న నీడ ఒకటి, వంగిన ముసలి నీడ పక్కన ఎగురుతూ పోతోంది. పిల్లకంటే ముందు తనే గుర్తుపట్టింది.

“కిందికి చూడొద్దు, కళ్లు తిరుగుతాయి. అదో, బుద్ధుడిని చూడు,” అని కావ్య మొహం నీళ్లవైపు తిప్పింది.

కానీ చక్రం కిందికి రాక మానదు కదా. దిగేసరికి లచ్చవ్వ, కృపారాణి, సంజీవ్ ఎదురుగా నిలబడి ఉన్నారు. కావ్య చెయ్యి విడిపించుకుని ఉరికింది.

“అవ్వా! నువ్వు ఊరికి పోలేదా?”

లచ్చవ్వ నాగమణి మొహం చూసింది. ఒక్క క్షణమే.

“పోయిన బిడ్డా. పొద్దుగాల బస్సెక్కి మర్లొచ్చిన. కృపమ్మ తోలుకొచ్చింది.”

కృపారాణి కొడుకు బూటు లేసు కట్టడానికి వంగింది.

పిల్లలిద్దరూ గడ్డిలో ఆడుకుంటుంటే లచ్చవ్వ సంచిలోంచి గుడ్డ మూట తీసింది. “తిన్నవా బిడ్డా?” అని నాగమణిని అడిగింది.

“తిన్నా.”

“యాడ తిన్నవ్? పెదవులు ఎండిపోయినయ్.” జొన్నరొట్టె తుంచి, నువ్వుల పొడి అద్ది చేతిలో పెట్టింది.

ఆరేళ్లప్పుడు అమ్మ పోయాక నాగమణిని తినమన్నవాళ్లున్నారు గానీ, తిన్నావా అని మొహం చూసి అడిగినవాళ్లు లేరు. రొట్టె నములుతుంటే లోపల మంట చల్లారలేదు, దారి మార్చుకుంది. గడ్డిలో నవ్వుతున్న కూతుర్ని చూసి, దీనికి దొరికింది నాకెందుకు దొరకలేదు అని ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ తను కుళ్లుకున్నది లచ్చవ్వను చూసి కాదని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే చెప్పేసింది: “అవ్వా, రేపటినుంచి కావ్యను వేరేచోట వేస్తున్నాం. ఏసీ ఉంటుంది.”

లచ్చవ్వ గుడ్డ మడిచింది. మెల్లగా మడిచింది. “మంచిది బిడ్డా. గాడ సల్లగుంటది. లోపలొక బనీను వెయ్యి.”

ఆ సాయంత్రం మొదటిసారి కావ్య నీడ వాళ్లతో ఆటో ఎక్కింది. తను గెలిచాననుకుంది నాగమణి. తార్నాకలో దిగాక వీధిదీపం కింద చూస్తే ఫుట్‌పాత్ మీద ఒక్కటే చిన్న నీడ, చెయ్యి పైకెత్తి, ఎవరిదో వేలు పట్టుకున్నట్టు నడుస్తోంది. పక్కన ఇంకో నీడ లేదు.

“నీ నీడేదీ?” అన్నాడు రాఘవేంద్ర తలుపు తీస్తూ.

“మర్చిపోయినా.”

పొద్దున ఆటో అతను ఎక్కడికని అడిగితే, హబ్సిగూడ అనబోయి క్యాంపస్ అంది. డే-కేర్‌లో ఆ సీటు ఎవరికి పోయిందో తర్వాతెప్పుడూ కనుక్కోలేదు.

లచ్చవ్వ గుమ్మంలో కూర్చుని తోటకూర తుంచుతోంది. నాగమణి నీడ ఆమె ఒళ్లో తలపెట్టుకుని నిద్రపోతోంది. అది లేస్తుందేమోనని లచ్చవ్వ మోకాలు కదపకుండా, చాట పక్కకు పెట్టుకుంది.

కావ్య మూతి ముడిచింది. నీడ దగ్గరికెళ్లి కాలితో నేలను తన్నింది.

“లే అమ్మా! అది నా జాగ.”

నాగమణి చెప్పులు విడిచి కూతురి పక్కన చతికిలబడింది.

“కొంచెంసేపు ఉండనీవే,” అని బతిమాలింది.