మాస్టారి సుద్దగీతలు

రేవు దాటించే పంటు గోదావరి మధ్యలో ఉంది, దాని మీద కోటిలింగం టైలరు షాపు ఉంది, షాపులో ఎప్పుడూ ఉండే చెక్కబల్లా, ఇస్త్రీపెట్టే, దేవుడి పటమూ అన్నీ ఉన్నాయి గాని గోడలు మాత్రం లేవు, పటం గాలిలోనే వేలాడుతోంది, అదేమీ వింతగా అనిపించడం లేదు ఎవరికీ. నరసాపురం రేవులో ఎక్కిన జనం మోటారుసైకిళ్ల మీద కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నారు, వాళ్లందరికీ కొలతలు తియ్యాలి కాబోలు. డెబ్భై ఒకటో ఏడు నడుస్తున్న కోటిలింగం మెడలో టేపు వేసుకుని బల్లకి ఇటువైపు నిలబడి ఉన్నాడు. అటువైపు మీరా సాహెబు గారు నిలబడి గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తున్నారు. కోటిలింగానికి కుట్టుపని నేర్పిన గురువాయన, పోయి ముప్ఫై నాలుగేళ్లయింది.

పోయిన మనిషి ఎలా వచ్చాడన్న అనుమానం కోటిలింగానికి రావడం లేదు. ఉన్న అనుమానమల్లా ఒకటే, ఆయన గీసే గీత వంకరపోతోంది, చెప్పాలా వద్దా అని.

"ఏరా కోటిలింగం, కాజాలు అయ్యాయా?" అంటారు సాహెబు గారు తలెత్తకుండానే.

"కాజాలు కుట్టే వయసా మాస్టారూ నాది? డెబ్భై దాటింది."

"అయితే మళ్లీ కాజాల దగ్గరికి వచ్చే వయసే."

ఈ మాట కోటిలింగానికి ఎక్కడ తగలాలో అక్కడే తగులుతుంది. కుట్టుపనిలో చేరినవాడికి ముందు కాజాలూ గుండీలూ ఇస్తారు, కొన్నాళ్లకి హెమ్మింగు, ఆ పైన మిషను, అదృష్టం బాగుంటే ఏ పదేళ్లకో కత్తెర. కత్తెర పట్టినవాడే మాస్టారు, మిగతావాళ్లు ఎంత బాగా కుట్టినా కుట్టేవాళ్లే. ఎక్కడం అందరూ నేర్పుతారు గాని దిగేటప్పుడు ఏం చెయ్యాలో ఏ షాపులోనూ నేర్పరు, పైగా కాజాలకైనా చూపు కావాలాయె.

పంటు కదులుతోందో ఒడ్డు కదులుతోందో తెలియడం లేదు. ఇప్పుడైనా చెప్పేయాలి, ఈయన మళ్లీ ఎప్పుడు దొరుకుతాడో అనుకుంటాడు కోటిలింగం, గొంతు సవరించుకుంటాడు.

"మాస్టారూ, మీకు ఒక సంగతి చెప్పకుండా ఉండిపోయాను."

"గీతల సంగతా?"

సంగతి అదే మరి. సాహెబు గారు షాపులో ఉన్న చివరి నాలుగేళ్లూ మసకచూపుతోనే పొద్దున్న గుడ్డ మీద గీతలు గీసి, మధ్యాహ్నం నమాజుకి వెళ్లి, తిరిగొచ్చాక కోత కోసేవారు. ఆయన అటు వెళ్లగానే కోటిలింగం ఇటు తడిగుడ్డతో తప్పు గీతలు తుడిచేసి సరైనవి గీసి, ఏమీ ఎరగనట్టు మిషను ముందు కూర్చునేవాడు. ఆ గీతల మీదే ఆయన కత్తెర నడిచేది. డెబ్భై అయిదొచ్చినా సాహెబు గారి చెయ్యి తప్పలేదని ఊరంతా మెచ్చుకునేది, కోటిలింగం లోలోపల పొంగిపోయేవాడు. తరవాత ఒకరోజు ఆయన మోకాళ్ల నొప్పులని చెప్పి, కత్తెర ఇతని చేతిలో పెట్టి, మచిలీపట్నంలో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. రెండేళ్లకి పోయారు.

"మీకు తెలుసా మాస్టారూ?"

"నా గీత నాకు తెలీదట్రా? వంపు తిప్పేటప్పుడు నీకు చివర్న చిన్న తోక వస్తుంది. మొదటిరోజే చూశాను."

"మరి ఒక్క మాటా అన్లేదేం?"

"ఏమనను? నమాజు పావుగంటలో అయిపోయేది. వచ్చేస్తే నువ్వింకా తుడుస్తూ దొరికిపోతావని మసీదు మెట్ల మీద కూర్చునేవాణ్ణి, మరో అరగంట. లోపలే కూర్చుందామంటే, ఇంకా వెళ్లలేదేం సాహెబు గారూ అని అడుగుతారు. అందుకని ఎండలో కూర్చునేవాణ్ణి."

ఆయన ఎండ అనగానే పంటు మీద ఎండ కాస్తుంది, మోటారుసైకిళ్లూ జనమూ ఎక్కడికో వెళ్లిపోతారు, బల్ల ఉన్నచోట మెట్లుంటాయి, కింది మెట్టు వరకూ గోదావరి నీళ్లు వచ్చి పోతుంటాయి, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉంటారు. కూర్చున్న మెట్టు కాలిపోతోంది. నాలుగేళ్లు ఈ మనిషి ఇక్కడ కూర్చున్నాడా అనుకుంటే కోటిలింగానికి సిగ్గేస్తుంది, ఆ సిగ్గు కూడా ఎవరో చెబితే విన్నట్టు దూరంగా ఉంటుంది.

"మీ పరువు కాపాడుతున్నాననుకున్నాను" అంటాడు.

"నేనూ నీ పరువే కాపాడుతున్నాననుకున్నాన్రా. కాపాడుకుని కాపాడుకుని పని సంగతి మాట్లాడుకోవడమే మానేశాం. అంతకుముందు నువ్వెన్ని అడిగేవాడివి, గూనికి ఎంత వదలాలి, పొట్టకి ఎంత వదలాలి అని చంపుకు తినేవాడివి. గీతలు దిద్దడం మొదలెట్టాక ఒక్కటంటే ఒక్కటి అడగలేదు. చూపు పోయినందుకు నాకేం బాధ లేదు, అది అందరికీ పోయేదే. నువ్వు అడగడం మానేశావు, అది బాధేసింది. నాకు తెలిసింది ఎంతో మిగిలిపోయింది, అదంతా మచిలీపట్నం పట్టుకుపోయాను."

కోటిలింగం నీళ్లకేసి చూస్తూ కూర్చుంటాడు. అడగడం మానేసినవాళ్లు ఇంకెవరో ఉన్నారు, పేరు నాలుక చివర ఆడుతోంది.

"సత్యవేణి" అంటాడు చివరికి. "పన్నెండేళ్ల నుంచీ నా దగ్గర చేస్తోందండి, బంగారంలాంటి పనిమంతురాలు. పోయిన వారం నేను గీసిన చొక్కా చూసుకుంటే వంపు చివర తోక లేదు. మధ్యాహ్నం నేను నడుం వాల్చినప్పుడు దిద్దుతోందన్నమాట. ఇవాళ బల్ల మీద పెళ్లికొడుకు కోటు గుడ్డ ఉంది, తప్పు కోస్తే అతికేది కాదు. పోనీ, ఆ పిల్లకి కత్తెర ఇచ్చేస్తే నేనెవర్ని మాస్టారూ? మూల కూర్చున్న ముసలాణ్ణి."

"నన్నడుగుతావేం? మెట్ల మీద కూర్చున్నవాణ్ణి." సాహెబు గారు లాల్చీ దులుపుకుని లేస్తారు, లేచాక ఆయన మునుపటి కన్నా పొడుగ్గా ఉంటారు, గొంతు మాత్రం గట్టున ఉన్నవాళ్లెవరో పిలిచినట్టు వినిపిస్తుంది. "ముందు నువ్వు లే. ఇక్కడ కూర్చోడం నీకు నేను నేర్పిన పని కాదు."

కోటిలింగం కళ్లు తెరిచేసరికి షాపు వెనక భాగంలో, కర్టెను చాటున, బెంచీ మీద ఉన్నాడు. కరెంటు పోయి వీపంతా చెమట. గోడ గడియారం రెండున్నర చూపిస్తోంది. కర్టెను సందులోంచి చూస్తే సత్యవేణి బల్ల మీదికి వంగి తడిగుడ్డతో గీత తుడుస్తోంది, మధ్యలో ఒకసారి కర్టెను వైపు చూసి, మళ్లీ గబగబా సుద్ద అందుకుంది. మిషను మీద ఆమె క్యారేజీ మూత తియ్యకుండానే ఉంది. మీరు పడుకున్నప్పుడే నేను తినేస్తాను మాస్టారూ అని ఆమె ఇన్నాళ్లూ చెబుతున్న మాట అతనికి గుర్తొచ్చింది.

మళ్లీ కళ్లు మూసుకోవచ్చు. ఇంకో అరగంట పడుకుంటే ఆ పిల్ల పని పూర్తవుతుంది, ఇతను లేచి ఆవులించి కత్తెర అందుకోవచ్చు, సాయంత్రానికి ఊళ్లో పేరూ నిలుస్తుంది. కోటిలింగం నిజంగానే కళ్లు మూసుకున్నాడు. కాసేపు అలాగే ఉండి, గట్టిగా దగ్గి, కాళ్లు కింద పెట్టాడు.

కర్టెను తీసేసరికి సత్యవేణి సుద్దముక్క గుప్పిట్లో దాచుకుని నిలబడి ఉంది. "పడుకోండి మాస్టారూ, ఇంకా టైముంది."

"చంక దగ్గర కూడా చూశావా అమ్మా? అక్కడ నాకు చూపు అస్సలు ఆనలేదు."

ఆమె తల వంచుకుని, "అరంగుళం పక్కకి పోయిందండి" అంది.

"పోయే ఉంటుంది." అతను బల్ల దగ్గరికి వచ్చి గుడ్డ మీద చెయ్యి వేశాడు. "నువ్వు రెండు భుజాలూ సమానం గీశావా?"

"టేపు ప్రకారం సమానమేనండి."

"టేపుకి దొరకదు. ఆ పెళ్లికొడుక్కి ఎడమ భుజం దిగి ఉంటుంది, చేత్తో తడిమితే తెలిసింది. వాళ్ల నాన్నకీ అంతే."

సత్యవేణి తను గీసిన గీతకేసి చూసుకుంది. గుప్పిట విప్పింది.

"అయితే ఎంత దించమంటారు మాస్టారూ?"

ఎన్నాళ్లయిందో ఆ పిల్ల ఒక మాట అడిగి. కోటిలింగానికి కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. కత్తెర ఆమె వైపుకి జరిపాడు.

"కోత నువ్వు కొయ్యి, ఎంత దించాలో నేను చెప్తాను. ముందు అన్నం తిను."

ఆమె క్యారేజీ మూత తీసింది. పొద్దున్న ఎప్పుడో పెట్టుకున్న అన్నం, మెతుకులు గట్టిపడిపోయి ఉన్నాయి.