స్కాన్‌లో తేలిన తేడా

మల్లీశ్వరి బంగాళాదుంప ముక్కలు రెండోసారి ఉడికించి నీళ్ళు వంచేసింది. డయాలసిస్ మనిషికి అలాగే వండాలి. అంత వంచాక మిగిలే రుచికి ఆమె మనసులో ‘కాపురం’ అని పేరు పెట్టుకుంది.

భర్త గోపీనాథ్‌కు కిడ్నీ మార్చాలన్నప్పుడు అత్తగారు చౌడేశ్వరమ్మ, “మల్లి ఉందిగా, ఇస్తుంది,” అంది, ఫ్రిజ్‌లో పెరుగుంది అన్నంత తేలిగ్గా. మరిది వేణుగోపాల్‌దీ కలిసే గ్రూపే. కానీ, “వాడు గవర్నర్‌పేటలో బట్టల షాపు చూసుకోవాలి కదా.” మల్లీశ్వరి చూసుకునేవాటికి బోర్డు లేదు కాబట్టి అవి ఆగిపోతాయని ఎవరికీ తోచలేదు. ఆమె సరేననలేదు. ఆ ఇంట్లో కాదనకపోతే సరేనన్నట్టే.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో డాక్టర్ క్రిస్టినా స్కాన్ చూపించింది. “మామూలుగా కిడ్నీకి రక్తం తెచ్చే నాళం ఒకటే ఉంటుందండీ. ఈవిడ ఎడమ కిడ్నీకి మూడు. ఒకటి ఎక్కడో బాగా కిందనుంచి వస్తోంది. కుడివైపు రెండు. చాలా అరుదైన తేడా. చూసుకోకుండా కోసుంటే ఏది తెగేదో. ఆపరేషన్ ప్లానంతా మార్చాలి.”

అత్తగారి చెవిన ఒక్క మాటే పడింది. “పెళ్ళిచూపుల్లోనే అన్నాను, ఈ పిల్లలో ఏదో తేడా ఉందని.”

“మా షాపులో అయితే తేడా వచ్చిన చీర వెనక్కి తీసేసుకుంటామండీ,” అని గోపీనాథ్ నవ్వబోయాడు. నవ్వు దగ్గయింది. వాచిన పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. వాటిని చూసి మల్లీశ్వరికి ఎప్పటిలాగే జాలేసింది. ఆ జాలినే అందరూ ఒప్పుకోలు అనుకున్నారు, తనతో సహా.

“తేడా అంటే లోపం కాదండీ,” అని డాక్టర్ మిగతావాళ్ళను బయటికి పంపి తలుపేసింది. “చెయ్యొచ్చమ్మా. కానీ మీకు ప్రమాదం పెరుగుతుంది. అందుకే మళ్ళీ అడుగుతున్నాను. ఇవ్వడం మీకిష్టమేనా?”

మళ్ళీ అట. మొదటిసారి ఎవరడిగారో ఎంత వెతుక్కున్నా గుర్తు రాలేదు. లోపల అన్నేసి దారులు పెట్టుకుని పాతికేళ్ళూ చూపించిన దారినే నడిచింది. తలుపవతల గోపీనాథ్ దగ్గు ఆగడం లేదు. ఆ దగ్గు ఇక జన్మంతా తనతోనే ఉంటుందని ఆమెకు తెలుసు.

“లేదండీ,” అంది. కళ్ళు తుడుచుకోలేదు.

డాక్టర్ స్కాన్ తీసి కవర్లో పెట్టేసింది. “మీ వాళ్ళతో రక్తనాళాలు కుదరలేదని చెబుతాను. అంతకు మించి చెప్పక్కర్లేదు.”

మల్లీశ్వరి లేచి చీర సర్దుకుంది.

“వాటి మీదికి నెట్టకండి డాక్టరు గారూ. వద్దన్నది నేను. నేనే చెబుతాను.”