పట్టీ కట్టని గొర్రె

తెల్లారేసరికి ఆకాశం కడగని పాలగిన్నెలా ఉంది. వానా రాదు, ఎండా కాయదు. కాపరి ఒక్కసారి పైకి చూసి, దొడ్డి తడక తీశాడు.

ముప్ఫై ఎనిమిదేళ్లుగా మంద వెనక నడిచిన మనిషి. గొర్రెలు రేపిన దుమ్మంతా మింగి గొంతు గరుకెక్కింది. పెళ్లెప్పుడని అడిగేవాళ్లు కూడా అడగడం మానేశారు.

మంద అక్క కొడుకుది. వాడు ఈమధ్యే చవగ్గా ఐదు పట్టీలు తెప్పించాడు. మెడకు కడితే గొర్రె ఎక్కడుందో ఫోనులో చుక్కగా కనబడుతుందట. బ్యాటరీ ఆదా కోసం అరగంటకొక్కసారే చెబుతుంది. అంటే, అరగంట కిందటి గొర్రెను చూసుకుని మురిసిపోవాలన్నమాట. ఐదూ బలిసిన పొట్టేళ్లకే కట్టాడు మహానుభావుడు.

“ఒకటి ముసలి గొర్రెకు కట్టరా. మందంతా దాని వెనకే కదా నడిచేది.”

“పళ్లూడిన దానికా? నీక్కూడా ఒకటి కట్టమంటావా మామా?”

“నేను కనబడుతూనే ఉన్నాగా. నీ బుర్రే ఎటుపోయిందో తెలీట్లేదు, దానికి కట్టుకో.”

వంటింట్లో అక్క నవ్వబోయి దగ్గింది.

“మధ్యాహ్నం కసాయి బండొస్తుంది. ముసల్దాన్ని ఇచ్చేస్తున్నా,” అన్నాడు మేనల్లుడు.

“దాన్ని ఉంచరా.”

ఆ ఇంట్లో అతను తనకంటూ నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. మేనల్లుడు ఫోను గీకుతూనే విన్నాడు.

మధ్యాహ్నం బండి బీడుకే వచ్చింది. ముసలి గొర్రె పెనుగులాడలేదు, బల్లచెక్క మీదుగా నెమ్మదిగా ఎక్కింది. దాని వెనకే మందంతా ఎక్కబోతే కసాయి కాలితో తోసి తలుపు మూశాడు.

సాయంత్రం వాగు దగ్గర మంద ఆగిపోయింది. అదిలించినా అడుగు వెయ్యలేదు. ఫోను మోగింది.

“చుక్కలన్నీ ఒక్కచోటే ఉన్నాయి మామా! మంద భద్రం!”

“భద్రమేరా. ఇంటికి రావడమే తెలీట్లేదు.”

కాపరి మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు. నడుం వంచి, ముసల్దానిలా గొంతులోనే గుర్రుమంటూ అవతలి గట్టెక్కాడు. ఒక్కటీ కదల్లేదు. వెనక్కొచ్చి మళ్లీ దాటాడు. ఐదోసారికి ఒక పిల్ల నీళ్లలో కాలు పెట్టింది. దాని వెనక తల్లి, తల్లి వెనక మిగతావి, అన్నిటికన్నా ఆఖర్న పట్టీలు కట్టుకున్న ఆ ఐదుగురు ఘనులూ.

జీవితంలో మొదటిసారి మంద ముందు నడిచి ఇల్లు చేరాడు.

ముగ్గురూ కింద కూర్చుని తిన్నారు. అక్క వడ్డించింది, మేనల్లుడు తల ఎత్తలేదు. దొడ్డి మూల రాతి తొట్టిలో, సాయంత్రానికి ముసల్దాని బోసినోటికి పనికొస్తాయని అతను పొద్దున్నే మెత్తగా నలిపి ఉంచిన గుప్పెడు ఆకులు వాడిపోయి ఉన్నాయి.